వ్యూ టెంప్లేట్‌లో టిక్ పెట్టడం కన్నా తీయడమే అసలు పని

మధురవాడలో స్టిల్ట్ మీద 5 అంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి అనుకుందాం. విశాఖలో ఏ ఆర్కిటెక్ట్ ఆఫీసులోనైనా రోజూ కనిపించే పనే. రెవిట్ అనే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దానికి 3డీ మోడల్ ఒక్కటే ఉంటుంది. బయటికి వెళ్లే ప్లాన్లు మాత్రం చాలా రకాలు. అనుమతి కోసం అప్‌లోడ్ చేసేది ఒకటి, సైట్‌లో మేస్త్రీ చేతికిచ్చే వర్కింగ్ డ్రాయింగ్ ఒకటి, ఫ్లాట్ కొనేవాళ్లకి మంచాలు, సోఫాలు వేసి చూపించేది ఒకటి, ఎలక్ట్రీషియన్‌కి ఒకటి, టైల్స్ వేసేవాళ్లకి ఒకటి. 6 లెవెల్స్, 5 రకాలు, మొత్తం 30 ప్లాన్ వ్యూలు (మోడల్‌ని ఒక్కో తీరులో చూపించే డ్రాయింగ్‌ని రెవిట్‌లో వ్యూ అంటారు). సెక్షన్లు, ఎలివేషన్లు, టాయిలెట్ డీటెయిల్స్ ఇంకా లెక్కలోకి రాలేదు.

ఈ 30 వ్యూల్లో ఒక్కోదానికీ స్కేలు ఎంత, గోడలు నిండుగా కనిపించాలా పొరలుగా కనిపించాలా, ఫర్నిచర్ ఉండాలా వద్దా, గ్రిడ్ గీతలు ఏ మందంలో రావాలి అన్నవన్నీ చేత్తో సెట్ చేస్తూ పోతే రెండు రోజుల పని. అంతకన్నా పెద్ద చిక్కు తర్వాత వస్తుంది. మూడో అంతస్తు ప్లాన్ ఒకరు, నాలుగో అంతస్తు ఇంకొకరు చేస్తే రెండూ ఒకే ఆఫీసువని చెప్పడం కష్టం. వ్యూ టెంప్లేట్ ఉన్నది ఇందుకే. వ్యూ ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగులన్నిటినీ ఒక పేరు కింద దాచుకుని, కావలసిన వ్యూలన్నిటికీ తగిలించవచ్చు. రేపు క్లయింట్ వచ్చి వార్డ్‌రోబ్‌లు చుక్కల గీతలో చూపించమంటే టెంప్లేట్‌లో ఒక్కచోట మారిస్తే సరి, ఆ రకం ప్లాన్లు ఆరూ ఒకేసారి మారిపోతాయి.

తయారు చేయడం చాలా తేలిక. ఒక వ్యూని అచ్చం ఎలా కావాలో అలా సిద్ధం చేసుకుని, వ్యూ ట్యాబ్‌లో వ్యూ టెంప్లేట్స్ కింద ఉన్న ‘క్రియేట్ టెంప్లేట్ ఫ్రమ్ కరెంట్ వ్యూ’ నొక్కి పేరు పెడితే అయిపోతుంది. అంత తేలిగ్గా అయిపోవడంలోనే ఇబ్బంది ఉంది. ఓకే కొట్టేముందు ఒక పెద్ద పట్టిక కనిపిస్తుంది. ఎడమవైపు స్కేలు, డీటెయిల్ లెవెల్, మోడల్ కేటగిరీలు, యానొటేషన్లు, ఫిల్టర్లు, వ్యూ రేంజ్, ఫేజ్ ఫిల్టర్, డిసిప్లిన్ వంటివి వరుసగా ఉంటాయి. కుడివైపు చివర ‘ఇన్‌క్లూడ్’ అని ఒక కాలమ్, దాని నిండా టిక్‌లు. మొదట్లో దాదాపు అన్నిటికీ టిక్ ఉంటుంది. చాలామంది ఆ కాలమ్ వైపు చూడనైనా చూడరు. టెంప్లేట్ బాగుందా లేదా అన్నది నిజానికి తేలేది అక్కడే.

టిక్ ఉందంటే ఆ సెట్టింగు మీద పెత్తనం టెంప్లేట్‌ది. వ్యూలో అది బూడిదరంగులోకి పోయి, మార్చడానికి వీలు లేకుండా ఉంటుంది. టిక్ తీస్తే ఆ ఒక్కటి వ్యూ ఇష్టానికి వదిలేసినట్టు. కాబట్టి టెంప్లేట్ చేయడమంటే ఆఫీసు మొత్తానికి ఒకేలా ఉండాల్సినవి ఏవో, ఆ వ్యూ గీసే మనిషికి వదలాల్సినవి ఏవో తేల్చుకోవడం. ఈ లెక్క తేల్చుకోకుండా అన్నీ టిక్ పెట్టి వదిలేసిన టెంప్లేట్ మొదటి వారం బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఎవరికో ఒక వ్యూలో ఒక చిన్న మార్పు అవసరమవుతుంది. మార్చబోతే కుదరదు. అవతల ప్రింట్ పంపాలన్న టెన్షన్. ప్రాపర్టీస్‌లో టెంప్లేట్‌ని ‘నన్’ చేసేసి పని కానిస్తారు. అలా ఒకటి, రెండు, పది. నెల తిరిగేసరికి ఫైల్‌లో టెంప్లేట్ పేర్లు ఉంటాయి గానీ, వాటి మాట వినే వ్యూలు ఉండవు.

విశాఖ నేలకి ఇందులో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఊరు కొండల మధ్య పెరిగింది. ముందు రోడ్డుకీ వెనక హద్దుకీ ఎత్తులో తేడా ఉన్న ప్లాట్లు మామూలే. పైన చెప్పిన అపార్ట్‌మెంటే అలాంటి వాలు మీద ఉందనుకుందాం. ముందు భాగం స్టిల్ట్ పార్కింగ్ సున్నా లెవెల్‌లో ఉంది. వెనక భాగం మట్టి తవ్వకుండా వదిలేసి, 1500 మిల్లీమీటర్లు పైకి లేపి, అక్కడ వాచ్‌మన్ గది, ఎలక్ట్రికల్ ప్యానెల్ గది పెట్టారు. రెవిట్‌తో వచ్చే మెట్రిక్ ప్రాజెక్ట్ టెంప్లేట్‌లో (కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే ఫైల్ అది, వ్యూ టెంప్లేట్ కాదు) ప్లాన్ వ్యూ మామూలుగా లెవెల్ నుంచి 1200 ఎత్తులో బిల్డింగ్‌ని అడ్డంగా కోసి చూపిస్తుంది. ఆ కోత వెనక గదుల నేల కన్నా 300 కిందుగా పోతుంది. ఇంకేముంది, ప్లాన్‌లో గదులు ఉండాల్సిన చోట మట్టీ రిటైనింగ్ వాలూ తప్ప ఏమీ కనపడవు.

కొత్తగా చేరిన డ్రాఫ్ట్స్‌మన్ సహజంగా ఏం చేస్తాడు? కోత ఎత్తుని నిర్ణయించే వ్యూ రేంజ్ మార్చబోతాడు. అది టెంప్లేట్ చేతిలో ఉంది కాబట్టి టెంప్లేట్‌లోకే వెళ్లి కట్ ప్లేన్‌ని, అంటే కోత ఎత్తుని, 2700కి పెంచుతాడు. వెనక గదులు చక్కగా వచ్చేస్తాయి, షీటు వెళ్లిపోతుంది. అయితే అదే టెంప్లేట్ పై 5 అంతస్తులకీ తగిలించి ఉంది. వాటిలో లింటెల్ 2100 దగ్గర ఉంటుంది. 2700లో కోస్తే ఆ కోత తలుపులు, కిటికీల పైనుంచి పోతుంది. వాటి చోట గోడ ఎక్కడా తెరిపి లేకుండా నిండుగా కనిపిస్తుంది. 3 మీటర్ల అంతస్తులో 450 బీమ్ ఉంటే దాని అడుగు 2550 దగ్గరే ఉంటుంది కనుక బీమ్‌లు కూడా కోతలో పడతాయి. స్టిల్ట్ ప్లాన్ బాగు చేసిన మనిషి తెరిచి చూసింది స్టిల్ట్ ప్లాన్ ఒక్కదాన్నే. మిగతా అయిదూ చెడిపోయిన సంగతి ప్రింట్ తీసుకున్నవాడికే తెలుస్తుంది.

దీనికి సరైన దారి రెండు ముక్కల్లో ఉంది. వాలు స్థలాల పనులు ఎక్కువగా వచ్చే ఆఫీసు ప్లాన్ టెంప్లేట్లలో వ్యూ రేంజ్ టిక్ తీసేయాలి. ఎత్తు మారిన భాగం చుట్టూ మాత్రం ప్లాన్ రీజియన్ గీసి, ఆ ముక్కకి వేరే కోత ఎత్తు ఇవ్వాలి. ప్లాన్ రీజియన్ ఆ వ్యూకే పరిమితం, టెంప్లేట్‌తో దానికి పని లేదు. బాత్రూమ్ వెంటిలేటర్ల విషయంలోనూ ఇదే చిట్కా పనికొస్తుంది. 1800 ఎత్తున మొదలయ్యే వెంటిలేటర్ దగ్గర 1200 కోత గోడనే కోస్తుంది, అక్కడ కూడా ఒక చిన్న ప్లాన్ రీజియన్ చాలు. అంతా చదునైన స్థలంలో లేఅవుట్ విల్లాలు చేసే ఆఫీసుకైతే వ్యూ రేంజ్ టిక్ ఉంచుకోవడమే మేలు. అన్ని ఊళ్లకీ, అన్ని ఆఫీసులకీ సరిపోయే టెంప్లేట్ అని ఏదీ లేదు. నెట్‌లో దొరికిన రెడీమేడ్ ఫైల్‌ని యథాతథంగా వాడుకోవడం మీద అనుమానం ఉంచుకోవాల్సింది ఇందుకే.

స్కేలు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాన్ని టెంప్లేట్ చేతిలోనే గట్టిగా ఉంచాలి. లోపలి గోడ 115 మిల్లీమీటర్లు, రెండువైపులా 12 చొప్పున ప్లాస్టర్. 1:100లో ఆ ప్లాస్టర్ పొర కాగితం మీద 0.12 మిల్లీమీటర్లు. అంటే సన్నపాటి పెన్ను గీత మందం కూడా ఉండదు. డీటెయిల్ లెవెల్ మీడియంలో ఉంటే ఇటుక గీత, ప్లాస్టర్ గీత ఒకదాని మీద ఒకటి పడి జిరాక్స్ షాపులో నల్లటి మచ్చగా వస్తాయి. స్క్రీన్ మీద జూమ్ చేసి చూసేవాళ్లకి ఇది ఎప్పటికీ తెలియదు. కాబట్టి 1:100 ప్లాన్‌కి కోర్స్ (తక్కువ వివరం), 1:50 వర్కింగ్ డ్రాయింగ్‌కి మీడియం, టాయిలెట్ డీటెయిల్ 1:20కి ఫైన్ (పూర్తి వివరం) అని స్కేలునీ డీటెయిల్ లెవెల్‌నీ జతగా కట్టి రెండిటికీ టిక్ ఉంచాలి. ఒకటి మారి రెండోది మారకపోతే ఏం లాభం?

డిసిప్లిన్ అనే అమాయకమైన గడి ఒకటి ఉంది. స్ట్రక్చరల్ ఇంజనీరు కోసం చేసిన టెంప్లేట్‌లో అది ‘స్ట్రక్చరల్’ అని ఉంటుంది. అలా ఉన్న వ్యూలో బరువు మోయని గోడలు కనపడవు. కాలమ్‌లు, బీమ్‌ల మీద నిలబడే మన బిల్డింగుల్లో ఇటుక గోడల్ని ఆర్కిటెక్ట్ మామూలుగా బరువు మోయనివిగానే వేస్తాడు. పొరపాటున ఈ టెంప్లేట్ ఒక ఆర్కిటెక్చరల్ ప్లాన్‌కి తగిలిందా, గోడలన్నీ మాయం. కేటగిరీల్లో వెతికితే గోడలకి టిక్ ఉంటుంది. దాచిన వస్తువుల్ని చూపించే బల్బ్ గుర్తు నొక్కినా జవాబు ఓ పట్టాన దొరకదు. గంట వెతికాక గానీ డిసిప్లిన్ మీదికి చూపు పోదు.

పాత ఇళ్లకి పై అంతస్తు వేయడం, ముందు భాగం కూల్చి మళ్లీ కట్టడం సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల మామూలుగా వచ్చే పని. అలాంటి మోడల్‌లో పాతది, కూల్చేది, కొత్తది అని ఫేజులు ఉంటాయి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటే. ఫేజ్ ఫిల్టర్ టెంప్లేట్‌లో ఉంటుంది గానీ, ఫేజ్ ఉండదు. కూల్చివేత ప్లాన్ కోసం ‘షో ప్రీవియస్ + డెమో’ ఉన్న టెంప్లేట్ తగిలించినా, వ్యూ ఏ ఫేజ్‌లో ఉందో చేత్తో చూసుకోవాల్సిందే. క్రాప్ రీజియన్ కూడా ఇంతే, టెంప్లేట్ పరిధిలోకి రాదు. ఒక వస్తువు మీద రైట్ క్లిక్ చేసి ‘హైడ్ ఇన్ వ్యూ’ కొట్టినా, దాని ఒక్కదాని రంగు మార్చినా, అవి కూడా టెంప్లేట్‌కి అతీతంగా అలాగే ఉండిపోతాయి. టెంప్లేట్ సరిగ్గానే తగిలించినా బిల్డింగ్‌లో ఒక స్తంభం ఎందుకు కనపడటం లేదని జుట్టు పీక్కునే సందర్భాల్లో సగం ఇవే. అందుకే ఒక్కొక్క వస్తువునీ దాచే అలవాటును ఆఫీసులో మొదటే మాన్పించాలి. దాచాల్సిందేదైనా ఉంటే ఫిల్టర్ రాసి టెంప్లేట్‌లో పెట్టాలి.

ఫిల్టర్ల బలం ఎక్కువ, వాటి బలహీనత పేర్లలో ఉంది. ఆర్‌సీసీ గోడలు నల్లగా నిండి రావాలని, గోడ టైప్ పేరులో ‘ఆర్‌సీసీ’ అని ఉన్నవాటిని పట్టుకునే ఫిల్టర్ రాస్తారు. లిఫ్ట్ గోడ వేసిన మనిషి దానికి ‘కాంక్రీట్ 200’ అని పేరు పెడతాడు. ఫిల్టర్ దాన్ని పట్టుకోదు, లిఫ్ట్ చుట్టూ ఇటుక గోడ ఉన్నట్టు డ్రాయింగ్ బయటికి పోతుంది. జాబితాలో పైనున్న ఫిల్టర్‌దే పైచేయి అన్నది కూడా మరిచిపోకూడదు. 2021 వెర్షన్ నుంచి ఫిల్టర్‌ని తీసేయకుండా తాత్కాలికంగా ఆపి ఉంచే టిక్ వచ్చింది. తేడా ఏ ఫిల్టర్ వల్ల వస్తోందో కనిపెట్టడానికి దాన్ని మించింది లేదు.

సర్వేయర్ పంపిన కాంటూర్ డ్రాయింగ్‌ని ఆటోక్యాడ్ నుంచి తెచ్చి లింక్ చేస్తే, ఆ ఫైల్ పేరుతో ఇంపోర్టెడ్ కేటగిరీల్లో కొత్త వరుస ఒకటి పుడుతుంది. పుట్టడమే కనిపించేలా పుడుతుంది. ఇంపోర్టులకి టిక్ ఉన్న టెంప్లేట్లు పన్నెండుంటే, పన్నెండింటిలోనూ దాన్ని ఆపాలి. లింక్ చేసేటప్పుడే ‘కరెంట్ వ్యూ ఓన్లీ’ ఎంచుకుంటే ఈ గొడవే ఉండదు.

అనుమతి డ్రాయింగ్ దగ్గర ఇంకో మెలిక ఉంది. రాష్ట్రంలో బిల్డింగ్ ప్లాన్లు డీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతిలో వెళతాయి, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధిలోనూ అంతే. అప్‌లోడ్ చేసే డ్రాయింగ్‌ని అక్కడ ముందుగా చదివేది సాఫ్ట్‌వేరు. అది చూసేది లేయర్లని. రెవిట్ నుంచి డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ ఫైల్) తీసేటప్పుడు ఏది ఏ లేయర్‌లోకి పోవాలన్నది ఎక్స్‌పోర్ట్ సెటప్‌లో రాసుకుంటాం, వ్యూ టెంప్లేట్‌లో కాదు. అయినా ఆ రెంటికీ చుట్టరికం ఉంది. ఎక్స్‌పోర్ట్‌లో ‘న్యూ లేయర్స్ ఫర్ ఓవర్‌రైడ్స్’ అనే పద్ధతి ఎంచుకుంటే, వ్యూలో రంగు మార్చిన ప్రతిదానికీ కొత్త లేయర్ పుట్టుకొస్తుంది. ముచ్చటపడి రంగులు దిద్దిన ప్రెజెంటేషన్ టెంప్లేట్‌తోనే ఎక్స్‌పోర్ట్ కొడితే ఎవరూ పేరు పెట్టని లేయర్లు డజన్ల కొద్దీ వస్తాయి. వాటిని ఆటోక్యాడ్‌లో ఒక్కొక్కటిగా ఏరి సరిచేయడం కన్నా, అనుమతి కోసం ఏ ఓవర్‌రైడూ లేని బోసి టెంప్లేట్ ఒకటి వేరుగా ఉంచుకోవడం నయం. చూడ్డానికి అందంగా ఉండదు. దాన్ని అందం కోసం ఎవరూ చూడరు కూడా.

టెంప్లేట్‌ని వ్యూకి ఇవ్వడంలో రెండు పద్ధతులున్నాయి, వాటి మధ్య తేడా తెలియక చాలా తికమక జరుగుతుంది. ‘అప్లై’ అంటే ఒక్కసారి సెట్టింగులు పోసి వదిలేయడం, తర్వాత టెంప్లేట్ మారినా వ్యూ మారదు. ప్రాపర్టీస్‌లో వ్యూ టెంప్లేట్ గడిలో పేరు ఎంచుకుంటే అది అసైన్ చేయడం, అప్పటినుంచి రెండూ కట్టుబడి ఉంటాయి. ఈ కట్టుబాటు 2013 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు రెవిట్ నేర్చుకున్న సీనియర్లు కొందరు ఇప్పటికీ అప్లై చేసి ఊరుకుంటారు. క్లయింట్‌కి ఒక్కసారి చూపించి పారేసే వ్యూకి అదే మంచిది. షీటు మీదికి వెళ్లే వ్యూ మాత్రం అసైన్ అయి ఉండాలి. ఏ వ్యూ దేనికి కట్టుబడి ఉందో ఒకేచోట చూసుకోవాలంటే వ్యూ లిస్ట్ షెడ్యూల్ వేసి అందులో వ్యూ టెంప్లేట్ కాలమ్ పెట్టుకుంటే చాలు. ‘నన్’ అని ఉన్నవి వెంటనే బయటపడతాయి.

కట్టుబడి ఉన్న వ్యూలో కాసేపు ఏదైనా మార్చి చూడాలనిపిస్తే ‘నన్’ చేయక్కర్లేదు. వ్యూ కింద ఉండే పట్టీలో టెంపరరీ వ్యూ ప్రాపర్టీస్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే వ్యూ చుట్టూ రంగు అంచు వస్తుంది, ఆపేదాకా ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు, ఆపగానే పాత స్థితి. దీన్ని నేర్పిన ఆఫీసుల్లో ‘నన్’ల సంఖ్య దానంతటదే తగ్గుతుంది. కొత్త వ్యూల కోసం ఇంకో సదుపాయం ఉంది. ఫ్లోర్ ప్లాన్ టైప్ ప్రాపర్టీస్‌లో కొత్త వ్యూలకి ఏ టెంప్లేట్ తగలాలో ముందే చెప్పి పెట్టవచ్చు. ‘వర్కింగ్ ప్లాన్’, ‘ఎలక్ట్రికల్ ప్లాన్’ అని వ్యూ టైపులే వేరుగా చేసుకుంటే, వ్యూ పుట్టడమే సరైన టెంప్లేట్‌తో పుడుతుంది. ఎవరికీ గుర్తు చేసే పని లేదు.

ఒక ప్రాజెక్టులో పండిన టెంప్లేట్లని ఇంకో ప్రాజెక్టులోకి తెచ్చుకోవడానికి మేనేజ్ ట్యాబ్‌లో ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ స్టాండర్డ్స్ ఉంది. రెండు ఫైళ్లూ ఒకే రెవిట్‌లో తెరిచి ఉండాలి. అందులో వ్యూ టెంప్లేట్లకి టిక్ పెడితే మొత్తం మూటంతా వస్తుంది, కావలసిన ఒక్కటి ఏరుకునే వీలు లేదు. ఒక్కటే కావాలంటే డైనమో (రెవిట్‌లో పనుల్ని ఆటోమేట్ చేసే సాధనం) స్క్రిప్టో, చిన్న యాడ్-ఇన్నో వాడాలి. అదే పేరుతో టెంప్లేట్ అప్పటికే ఉంటే దాని మీద కొత్తది రాయాలా, లేనివి మాత్రమే తేవాలా అని అడుగుతుంది. తొందరలో ఓవర్‌రైట్ కొడితే ఈ ప్రాజెక్టు కోసం చేసుకున్న సర్దుబాట్లన్నీ పోతాయి. ఇక, వచ్చేది ఏది రానిది ఏది అన్న విషయం. లింక్ చేసిన మోడళ్లు, వర్క్‌సెట్లు (టీమ్ పని పంచుకోవడానికి మోడల్‌లో చేసుకునే విభాగాలు) ఆ ఫైల్‌కి చెందినవి. వాటికి సంబంధించిన సెట్టింగులు కొత్త ఫైల్‌లో అర్థం లేనివే, మళ్లీ చూసుకోవాలి. ప్రాజెక్ట్ పారామీటర్ మీద నడిచే ఫిల్టర్లుంటే ఆ పారామీటర్ కొత్త ఫైల్‌లో ముందే ఉండాలి, లేకపోతే ఫిల్టర్ పేరు కనిపిస్తుంది గానీ పని చేయదు.

పేర్ల విషయంలో ఒక చిన్న హెచ్చరిక. రెవిట్ పేర్లలో కోలన్ పెట్టనివ్వదు కాబట్టి 1:50 అని రాయలేం, 1-50 అనే రాసుకోవాలి. పేరు చూడగానే రకం, దశ, స్కేలు తెలిసేలా ‘ప్లాన్-వర్కింగ్-1-50’ లాంటి వరుస ఏదో ఒకటి పట్టుకుని వదలకుండా ఉండాలి. ‘ప్లాన్ కాపీ 2 ఫైనల్’ వంటివి ఒక్కటి మొదలైతే చాలు, ఆ తర్వాత ఎవరూ ఏదీ తొలగించడానికి ధైర్యం చేయరు. వ్యూ టెంప్లేట్ల డైలాగ్ బాక్సులో ఒక్కోదానికి ఎన్ని వ్యూలు తగిలి ఉన్నాయో సంఖ్య కనిపిస్తుంది. సున్నా ఉన్నవాటిలో అవసరం లేనివి తీసేయవచ్చు. వాడుకలో ఉన్నదాన్ని తీసేసినా వ్యూల రూపం చెడదు, అవి స్వతంత్రమవుతాయంతే.

మిగతా సాఫ్ట్‌వేర్లలో ఇదే పని వేరే దారుల్లో జరుగుతుంది. ఆటోక్యాడ్‌లో దీనికి దగ్గరగా ఉన్నది లేయర్ స్టేట్స్, కానీ అక్కడ కట్టుబాటు లేదు, పిలిచినప్పుడు మాత్రమే పలుకుతుంది. ఆర్కిక్యాడ్‌లో లేయర్ కాంబినేషన్, పెన్ సెట్, గ్రాఫిక్ ఓవర్‌రైడ్ అని ముక్కలు ముక్కలుగా దాచుకుని, వ్యూ సెట్టింగుల్లో కలుపుకుంటారు. ఒక పెన్ సెట్ మారిస్తే దాన్ని వాడే వ్యూలన్నీ మారతాయి గనక, ఏది ఉమ్మడి ఏది సొంతం అన్న ప్రశ్న అక్కడ మొదట్లోనే వచ్చేస్తుంది. రెవిట్‌లో దాన్ని ఇన్‌క్లూడ్ కాలమ్ దగ్గర మనమే వేసుకోవాలి.

ప్రతిసారీ పాత ప్రాజెక్టు నుంచి తెచ్చుకోవడం కన్నా ఆఫీసుకంటూ ఒక ఆర్‌టీఈ ఫైల్ (కొత్త ప్రాజెక్టులు మొదలుపెట్టే రెవిట్ ప్రాజెక్ట్ టెంప్లేట్) ఉంచుకుని, వ్యూ టెంప్లేట్లని అందులో పెంచుకోవడం మేలు. అయిపోయిన ప్రాజెక్టును ‘సేవ్ యాజ్’ చేసి, మోడల్ తుడిచేసి కొత్త పని మొదలుపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. దాంతో పాటు ఆ పాత పనిలోని ఫిల్టర్లు, గీతల రకాలు, సర్వేయర్ డ్రాయింగ్ వదిలిన లేయర్ల చెత్త కూడా వస్తాయి. ఆర్‌టీఈ ఫైల్‌లో మార్పులు చేసే అధికారం ఒక్కరికే ఉండాలి. ప్రాజెక్టుల్లో ఎవరైనా మంచి మార్పు చేస్తే ఆ ఒక్కరూ చూసి అందులోకి చేర్చాలి. ఒక సాంకేతిక జాగ్రత్త కూడా ఉంది. రెవిట్ ఫైల్ ఒకసారి కొత్త వెర్షన్‌లో సేవ్ అయితే వెనక్కి రాదు. స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఒక వెర్షన్, ఎంఈపీ (ఎలక్ట్రికల్, ప్లంబింగ్ వంటి సర్వీసుల) వాళ్లు ఇంకొకటి వాడుతున్నప్పుడు, అసలు ఆర్‌టీఈని వాడుకలో ఉన్న వాటిలో అన్నిటికన్నా పాత వెర్షన్‌లో ఉంచి, కొత్తవాటి కోసం కాపీలు అప్‌గ్రేడ్ చేసుకోవాలి. మార్పులు ఎప్పుడూ ఆ పాతదాంట్లోనే చేయాలి.